చేపల చీటీలు

ఇర్ఫానా బిల్లుల కట్ట విప్పి రెండు కుప్పలుగా వేస్తోంది. ఇందుకూరుపేటలో ఆదాయపు పన్ను రిటర్నులు నింపడం ఆమె పని. ఎదురుగా కూర్చున్న సుభాషిణి రోజూ చేపల పులుసు వండుతూ ఫోన్‌లో లైవ్ ఇస్తుంది. ఇల్లు గడిచేది ఆ సంపాదనతోనే.

ఫోను, మైకు, లైట్లు, లైవ్‌కు వాడిన నెట్ వ్యాపార ఖర్చుల్లోకి వెళ్లాయి. చీరల బిల్లు ఇంటి ఖర్చుల్లో పడింది. చేపల చీటీల దగ్గర ఇర్ఫానా చెయ్యి ఆగింది. అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే. అది తీసేస్తే పడే పన్ను కట్టే స్తోమత సుభాషిణికి లేదు.

"వండింది ఇంట్లోనే తింటారు గదా సుభాషిణీ? తిన్నంత మేర ఇంటి ఖర్చే. రాయకూడదు."

"తినమక్కా. మా ఆయన సముద్రం మీద వేటకు పోయి రాలేదు గదా, శవం కూడా దొరకలా. అప్పట్నించి మా ఇంట్లో ఎవరూ చేప ముట్టరు. వండిందంతా పక్కిళ్లకిచ్చేస్తా."

"లైవ్‌లో రుచి చూస్తావే?"

"చివర్లో నోట్లో పెట్టుకుంటా. ఫోన్ ఆపినాక ఊసేస్తా."

ఇర్ఫానా చీటీలన్నీ వ్యాపారం కుప్పలోకి జరిపి, మొత్తం కూడి, రిటర్ను పంపింది. రసీదు పైన పెట్టి, బిల్లులు మళ్లీ కట్టగట్టి సుభాషిణి చేతికిచ్చింది.