పదహారువందల ముప్ఫై నాలుగుతో పోలిస్తే

మా చెప్పులింటి వెండెలిన్ బాబాయ్‌కి ఒకటే రోగం. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా సరే, అంతకంటే పెద్ద కష్టం మా ఊళ్లో ఏ ఏట, ఏ మూల, చర్చి గుమ్మం నుంచి ఎన్ని అడుగుల దూరంలో జరిగిందో చెప్పి గాని వదిలేవాడు కాదు. పంటినొప్పి అంటే పదహారువందల ముప్ఫై నాలుగు. పంది చచ్చిందంటే పదహారువందల ముప్ఫై నాలుగు. ఆ ఏడు ముందు స్వీడన్ సైన్యం వచ్చి మా డోర్న్‌లాక్‌ని తగలబెట్టిందట. తగలబెట్టగా మిగిలింది తినడానికి చక్రవర్తి సైన్యం వచ్చిందట. వెనకే ప్లేగు. రెండువందల పన్నెండు మందికి పదకొండు మంది మిగిలారట. ఆ పదకొండు మందీ తన మేనత్తలూ పెదనాన్నలూ అయినట్టు పేరుపేరునా చెప్పేవాడు.

ఆ రోగంతోనే ఆయన ఒక తగాదా గెలిచాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. కళ్లారా చూశానని మాత్రం అనలేను, ఎందుకంటే ఊరందరితోపాటు నేనూ వీపు తిప్పి నిలబడ్డాను.

అది పంతొమ్మిదివందల నలభై ఆరు, యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, అక్టోబరు నెల. మా ఆయన ఆలోయిస్ తూర్పుకు వెళ్లి తిరిగి రాలేదు. నాకు మిగిలినవి ఇద్దరు పిల్లలు, ఒక ఆవు, ఊరి దిగువన ఒక పచ్చిక ముక్క. ఆ ముక్క చివర ఊట ఉంది. ఆ నీరు పారితేనే అక్కడ గడ్డి. గడ్డి ఉంటేనే ఆవు. ఆవు లేకుండా ఆ చలికాలం దాటడమంటే పిల్లల్ని నా చేతులతో చర్చి దొడ్లోని సమాధులకి మోసుకుపోవడమే. మా వీధిలో అప్పటికే రెండిళ్ల వాళ్లు మోశారు.

ఆ ఊట తనదని బాల్తసార్ క్రౌస్ అన్నాడు. క్రౌస్ ఊరికంతటికీ పెద్ద కామందు. మొన్నటిదాకా నాజీల గోధుమరంగు చొక్కా తొడుక్కుని ఊరిమీద హుకుం చెలాయించినవాడు. చొక్కా తీసేశాడు గాని హుకుం తీయలేదు. ఊట చుట్టూ ఓక్ గుంజలు పాతి తీగ కట్టించాడు. నేను పీకేశాను. మళ్లీ పాతించాడు. మళ్లీ పీకి, ఈసారి పొయ్యిలో పెట్టాను. ఓక్ కర్ర, బాగా మండింది.

దాంతో తగాదా హద్దుల ఏడుగురి దగ్గరికి వెళ్లింది. మా వైపు ప్రతి ఊరికీ ఇలాంటి ఏడుగురు ఉంటారు. పొలానికి హద్దురాయి పాతేది వాళ్లే. పాతేటప్పుడు రాయి కింద ఏవో గుర్తులు పెడతారు. అవేమిటో, ఎలా పేరుస్తారో ఆ ఏడుగురికే తెలుసు; కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పరు. చచ్చేదాకా ఆ పదవి, చచ్చేదాకా నోటికి తాళం. రాయి కింద తవ్వి చూసేటప్పుడు మిగతా ఊరంతా వీపు తిప్పి నిలబడాలి. తల తిప్పినవాడికి చూపు పోతుందని మా వాళ్ల నమ్మకం. ఏడుగురు చెప్పిందే చివరి మాట, దాని మీద కోర్టు కూడా నోరెత్తదు.

యుద్ధమూ ముసలితనమూ కలిసి ఐదుగుర్ని తీసుకుపోగా అప్పటికి ఇద్దరే మిగిలారు. ఒకరు వెండెలిన్ బాబాయ్, రెండోవాడు పిండిమర ఇంటి ఇగ్నాజ్. ఇగ్నాజ్‌కి బ్రహ్మచెవుడు.

ఆ రోజు వాన. మా పచ్చికకీ క్రౌస్ పొలానికీ మధ్య ఉండాల్సిన రాయి ఎప్పుడో ముళ్లపొదల్లో కూరుకుపోయింది, బతికున్నవాళ్లెవరూ దాన్ని చూడలేదు. అది ఊటకి అవతల దొరికితే ఊట నాది, ఇవతల దొరికితే క్రౌస్‌ది. ముసలాళ్లిద్దరూ పారలూ గడ్డపారలూ పట్టుకుని పొదల్లోకి దూరారు. మేం నలభైమందిమి వరసగా ఊరి వైపు ముఖం పెట్టి తడుస్తూ నిలబడ్డాం. క్రౌస్ నా పక్కనే. చూపు పోతుందన్న భయం అందరికంటే అతనికే ఎక్కువ, గుర్రంలా ముందుకే చూస్తున్నాడు.

వెనక కాసేపు తవ్వుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు బాబాయ్ గొంతు ఎత్తుకున్నాడు.

"పదహారువందల ముప్ఫై నాలుగు, సెప్టెంబరు," అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి నిట్టూర్చారు. "ఉత్తరం నుంచి స్వీడన్ వాళ్లు... హబ్బా... ఫిరంగులు లాక్కుంటూ..."

అంత గట్టిగా ఎందుకు అరుస్తున్నాడంటే ఇగ్నాజ్ కోసమేమో అనుకున్నాం. మాట మాటకీ రొప్పుతుంటే చచ్చిన వాళ్లని తలుచుకుని గుండె బరువెక్కిందేమో అనుకున్నాం. నా ఎడమపక్క నిలబడ్డ ముసలావిడ కళ్లు కూడా తుడుచుకుంది. మధ్యలో ఇగ్నాజ్, చెవిటివాడు కదా, కొండ మీదికి వినపడేలా అరిచాడు, ఇంకా ఎంత దూరమని.

"సైన్యం దగ్గరికొచ్చేసింది ఇగ్నాజ్, ఇంకొంచెం ఓపిక పట్టు," అన్నాడు బాబాయ్.

క్రౌస్‌కి ఓపిక లేదు. "రాయి దొరికిందా లేదా, అది చెప్పవయ్యా," అన్నాడు, తల తిప్పకుండానే.

"ఆగు, ప్లేగు ఇంకా రాలేదు."

ప్లేగు వచ్చింది. పదకొండు మంది మిగిలారు. అప్పుడు మమ్మల్ని తిరగమన్నాడు. ఊటకి అవతల గట్టు మీద, బురదలో, నాచు పట్టిన రాయి నిటారుగా ఉంది. ఇగ్నాజ్ దాని పక్కన నడుం పట్టుకుని కూలబడి ఉన్నాడు. గుర్తులు ఉన్నాయని, ప్రమాణం మీద చెబుతున్నామని బాబాయ్ అన్నాడు. ఊట తమదేనని తన తండ్రి చెప్పేవాడని క్రౌస్ గొణిగాడు.

"మీ నాన్న చెప్పింది నిన్నగాక మొన్న. పదిహేడువందల పంతొమ్మిదిలో మీ ముత్తాతకి ముత్తాత ఏం చేశాడో తెలుసా? కూర్చో, మొదట్నుంచి చెబుతాను."

క్రౌస్ కూర్చోలేదు. కోటు నెత్తిన కప్పుకుని వెళ్లిపోయాడు. మా ఆవు బతికింది. మా పిల్లలూ బతికారు.

ఆ రోజు నేను బాబాయ్‌ని మెచ్చుకోలేదు. న్యాయం నా వైపున ఉంది, రాయి ఉన్నచోటే ఉంది, ఇందులో ఈయన గొప్పేముందని అనుకున్నాను. పైగా వానలో గంటసేపు స్వీడన్ వాళ్లని మోయించాడని విసుక్కున్నాను కూడా.

ఆయనతో విసుగు రానివాళ్లెవరు? యుద్ధం చివర్లో అమెరికా సైనికులు ఊళ్లోకి వచ్చినప్పుడు మేమంతా నేలమాళిగల్లో జపమాలలు తిప్పుతున్నాం, ఈయన మాత్రం రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. పక్కూరికి దారెటని దుబాసీ అడిగాడు. పాపం అతనికేం తెలుసు. వంతెన ఎప్పుడు కట్టారు, ఎవరు కూల్చారు, ఆ కొండకి ఆ పేరెందుకొచ్చింది, అన్నీ అయ్యాక గాని ఎడమకి తిరగమని చెప్పలేదు. ఆ గంటలోనే కాబోలు పక్కూళ్లో కాపున్న మా సైనికులు తుపాకులు పారేసి పారిపోయారు, ఒక్క గుండు పేలలేదు. అది తన వల్లేనని ఆయన ఎన్నడూ అనలేదు. ఆ అమెరికావాళ్లు మర్యాదస్తులు, పద్దెనిమిదో శతాబ్దం దాకా విన్నారు అని మాత్రం అనేవాడు.

పెళ్లిలో దీవించమంటే, ఇదే బల్ల దగ్గర పదహారువందల ముప్ఫై ఆరులో జరిగిన పెళ్లికి చుట్టాలు ఇద్దరే వచ్చారని, వాళ్లకి పెట్టడానికి ఓక్‌గింజల రొట్టె తప్ప ఏమీ లేదని చెప్పేవాడు. పెళ్లికూతురు బిక్కమొహం పెట్టేది. సమాధి దగ్గర ఓదార్చమంటే, ఇంకా నయం, ఇతనికి పెట్టె అయినా ఉంది అనేవాడు. డాక్టరు, పాదిరి, పోస్టుమనిషి, ముగ్గురూ ఆయన వీధి తప్పించి చుట్టూ తిరిగి పోయేవాళ్లు.

ఒక్కసారి మాత్రం ఆయన ఏ ఏడూ చెప్పలేదు. ఆలోయిస్ పోయాడని రాసిన ఉత్తరం వచ్చిన రోజు మా గుమ్మంలోకి వచ్చాడు. నోరు తెరిచాడు. ఇప్పుడు ముప్ఫై నాలుగు అన్నాడో, చేతిలో ఉన్న కుండ విసిరేద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. నోరు మూసుకున్నాడు. దొడ్లోకి పోయి చీకటి పడేదాకా కట్టెలు కొట్టి, పేర్చి, చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఇంకో కథ ఉండేది ఆయన దగ్గర, నాగలి చాలులో పక్కవాడి మట్టి జానెడు గిల్లుకునే వాళ్ల కోసం. హద్దురాయి జరిపినవాడు చచ్చాక నిప్పుమనిషి అవుతాడట. జరిపిన రాయిని నిప్పుకణికలా భుజాన మోసుకుంటూ, ఎక్కడ పెట్టను, ఎక్కడ పెట్టను అని ఎదురుపడ్డవాళ్లందరినీ అడుగుతూ పొలాల్లో తిరుగుతాడట. తీసినచోటే పెట్టు అని ఎవరైనా అంటే అతనికి విముక్తి. అననంతకాలం మోయడమే. మా ఊళ్లో పాలపళ్లు ఊడని పిల్లలకి కూడా ఆ జవాబు వచ్చు. బాబాయ్ ఆ కథని నమ్మి చెప్పేవాడు, చెబుతూ భుజం తడుముకునేవాడు. ఆ అక్టోబరు తర్వాత ఎందుకో మానేశాడు. వయసు మీద పడి మరిచిపోతున్నాడనుకున్నాం.

ఇవన్నీ ఇప్పుడు రాస్తే ఎవరి పచ్చికా పోదు. ప్రభుత్వం వాళ్లు వచ్చి ముక్కలన్నీ కలిపేసి, గట్లు చదును చేసి, తాడు పట్టి కొత్త హద్దులు గీసి ఇరవై ఏళ్లయింది. ఊట గొట్టంలోకి పోయింది. క్రౌస్ మనవలు అంతా అమ్ముకుని నగరానికి పోయారు. ఆ రాయిని ఫైరింజను షెడ్డు ముందు పూలతొట్టి పక్కన పెట్టారు, కుక్కలకి పనికొస్తోంది.

బాబాయ్ పోయింది యాభై ఎనిమిదిలో, నవంబరు మంచులో. ఇగ్నాజ్ అప్పటికే పోయాడు. నేను రోజూ మధ్యాహ్నం పాలజావ పట్టుకెళ్లేదాన్ని. ఊపిరితిత్తుల్లో నీరని డాక్టరు చెప్పిపోయాడు. ఆ రోజు నేనే ఎగతాళికి అడిగాను, ఈ జబ్బు పదహారువందల ముప్ఫై నాలుగు కంటే నయమేనా అని.

"నయమే. అప్పుడు పోయినవాళ్లకి మంచం లేదు," అన్నాడు. రెండు చెంచాలు తాగి, చాలన్నట్టు చెయ్యి ఊపాడు. "బుర్గీ, ఆ రాయి నీ వైపే దొరికింది. ఊటకి ఇవతల. నాలుగు అడుగులు ఇవతల."

నేను చెంచా గిన్నెలో పెట్టేశాను.

"క్రౌస్ చెప్పింది నిజం. ఊట వాళ్లదే."

"మరి ప్రమాణం చేశావు కదా బాబాయ్."

"చేశాను. తవ్వి, గుర్తులు చూసి, తల ఎత్తాను. అన్నీ వీపులే. నీ వీపు మీద ఆలోయిస్ కోటు ఉంది. చేతులు పొడుగై లోపలికి మడిచి కుట్టుకున్నావు. ఇగ్నాజ్ వైపు చూశాను. వాడు చెవిటివాడే గాని గుడ్డివాడు కాదు కదా. గుర్తులు జేబులో వేసుకుని ఇద్దరం రాయి లేపాం."

పన్నెండేళ్ల తర్వాత నా బుర్రకి ఆ వాన, ఆ కేక, ఆ రొప్పు అన్నీ ఒక్కసారి ఎక్కాయి.

"అయితే ఆ స్వీడన్ వాళ్లు, ఆ ఫిరంగులు..."

"రాయి బురదలో జర్రు జర్రున చప్పుడు చేస్తోంది మరి. ఏదో ఒకటి అరవాలి. నాకు వచ్చింది అదొక్కటే. ప్లేగు దాకా వచ్చేసరికి నా నడుం పోయింది."

నాకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వాడు, దగ్గు తెర వచ్చేదాకా. దగ్గు తగ్గాక కిటికీ వైపు తిరిగాడు. బయట మంచులో పొలాలు కనపడటం లేదు. నలభై ఏళ్లు తను చెప్పిన నిప్పుమనిషి కథలో ఇప్పుడిక తన వంతు వచ్చిందని మెల్లగా అన్నాడు. ఎగతాళికి అనలేదు.

నేను ఎవరినీ బుజ్జగించే రకం కాదు, అయినా ఆయన చెయ్యి పట్టుకున్నాను. "భయపడకు బాబాయ్. రాయి మోసుకుని నా పచ్చిక మీదికేగా వస్తావు. నేనుంటాను. ఆ జవాబు నాకూ వచ్చు. ఒక్క ముక్కలో నిన్ను విడిపించి పంపిస్తాను."

ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"అదే వద్దంటున్నాను. నీ నోటి సంగతి నాకు తెలుసు, అడిగితే సరైన జవాబు చెప్పకుండా ఉండలేవు. నేనొస్తాను, ఎక్కడ పెట్టను అని అడుగుతాను, అది నా ఖర్మ, అడగక తప్పదు. నువ్వు మాత్రం తీసినచోటే అనకు. ఉన్నచోటే ఉండనీ బాబాయ్ అని చెప్పు. చెప్పి, ఆలస్యం చేయకుండా పాలు పిండుకోవడానికి వెళ్లు."