చీమలు రాని వంటగది

మా అమ్మాయి బుజ్జి చిన్నప్పుడు... మా అన్నయ్య అమ్మ చేతిలో చెయ్యేసి ఒక మాటిచ్చాడు. "ఈ వేసవిలో పెరట్లో సుశీలకి కొత్త వంటగది కట్టించే పూచీ నాది" అని.

తొంభైల నాటి సంగతి. గుణదలలో మా నాన్న కట్టిన ఇల్లు. నాన్న పోయాక పెత్తనమంతా అన్నయ్యదే. మా ఆవిడ సుశీల అప్పుడే ఇంట్లో కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టింది... మూతకి గాజుబిళ్ళ ఉండే గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఒకటి, ఆమె రెండు చేతులు, అంతే పెట్టుబడి. క్రిస్మస్ వస్తే వీధి మొత్తం కేకులు ఆమెకే చెప్పేది. కేకు మీద క్రీముతో పేరు రాస్తే అచ్చు వేసినట్టుండేది.

చిక్కల్లా అమ్మతోనే. నాన్న పోయాక ఆవిడ గుడ్డు మానేసింది. తన వంటింటి గడప గుడ్డుని దాటనిచ్చేది కాదు. అందుకే రెండో వంటగది.

వేసవి వెళ్ళిపోయింది. గది లేవలేదు. పెరట్లో ఉన్న పాత సామాన్ల గదికే సున్నం కొట్టించి, తాళంచెవి సుశీల చేతిలో పెట్టాడు అన్నయ్య. అతనికి చల్లపల్లిలో పురుగుమందుల షాపు. బెజవాడ వచ్చినప్పుడల్లా ఆ గదిని వాడుకునేవాడు. మేమా ఇంటికి వచ్చేదాకా కొండపల్లి వైపు క్వార్టర్స్‌లో ఉన్నాం కాబట్టి అందులో ఏముండేదో మాకేం తెలీదు.

"ఇందులో ఏం పెట్టేవారు బావగారూ?" అని అడిగింది సుశీల.

"ఖాళీ గోనెలమ్మా... చూడు, చీమ కూడా లేదు. పంచదారతో పనిచేసేదానివి, ఇంతకన్నా ఏం కావాలి?"

నిజమే... చీమ లేదు. ఈగ లేదు. బెజవాడలో బల్లి లేని గోడని మీరెప్పుడైనా చూశారా? ఆ గోడల మీద బల్లి కూడా లేదు. వచ్చినవాళ్ళంతా "ఎంత శుభ్రమండీ!" అని మెచ్చుకునేవాళ్ళు.

దయ్యాల కథలు నేను చాలా చదివాను. ప్రతిదాంట్లోనూ ఏదో ఒకటి వస్తుంది. మా గదిలోకి ఏదీ వచ్చేది కాదు...

ఒక మధ్యాహ్నం బుజ్జి మా అమ్మ వంటింటి గడప నుంచి ఆ గది లోపలిదాకా పంచదార గీత పోసి, నేల మీద బోర్లా పడుకుని చూస్తోంది. చీమలు బారు కట్టాయి... బట్టలుతికే రాయి దాటాయి... గుమ్మం దగ్గర ఆగాయి. కాసేపు మీసాలు ఆడించి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా లోపలికి పోలేదు.

"నాన్నా, లోపల ఎవరున్నారని భయపడుతున్నాయి?"

లోపల సుశీల ఒక్కతే ఉంది. మాకు వీపు మాత్రం కనిపిస్తోంది.

ఆ తర్వాత నుంచి సుశీలకి తలనొప్పులు. ఓవెన్ వేడెక్కితే గోడల్లోంచి వాసన వస్తుందనేది. "వెనీలా కాదండీ... వెనీలా వెనకాల ఇంకేదో నిలబడినట్టుంది." అమ్మ దిష్టి తీసింది. అన్నయ్య వచ్చి, "పుస్తకాలు చదివే మొగుడు, వాసనలు చూసే పెళ్ళాం!" అని నవ్వాడు. నవ్వాడే గాని ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. సుశీల గుమ్మం దాకా తెచ్చి కేకు ముక్క ఇస్తే, "వద్దమ్మా, షుగరు" అన్నాడు. అటునుంచటే అమ్మ దగ్గరికెళ్ళి సున్నుండలు తిన్నాడు...

ఒకరోజు ఎవరో పిల్లవాడి పుట్టినరోజు కేకు మీద పేరు రాస్తూ... సగం పేరు దగ్గర గీత వంకర పోయింది. నేను పరిగెత్తేసరికి సుశీల కింద పడి ఉంది. నోటి వెంట చొంగ. కంటిపాపలు ఆవగింజలంత.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట: "ఈవిడ పొలంలో మందు కొడతారా?"

"లేదండీ. కేకులు చేస్తుంది."

ఆయన చీటీ మీద "పురుగుమందు" అని రాశాడు.

ఇంటికొచ్చి ఆ గది నేల మీది నాపరాళ్ళు లేపించాను. కింద ఇసుక పచ్చగా, తడిగా ఉంది... అదే వాసన. అన్నయ్యని నిలదీస్తే, "డబ్బాలు కారాయిరా. కడిగించాను కదా! కొత్త గదంటే ఊరికే లేస్తుందా?" అన్నాడు.

సుశీల బతికింది. చేతుల వణుకు మాత్రం పోలేదు. మళ్ళీ కేకు మీద పేరు రాయలేదు. నడవగలిగిన రోజు నుంచీ, కేకులు కొన్న ఇళ్ళకి వెళ్ళి "పిల్లలు బాగున్నారా?" అని అడిగేది. "బాగున్నారండీ" అనేవాళ్ళు. ఆమె నమ్మేది కాదు... మళ్ళీ వెళ్ళేది.

ఇప్పుడు ఏ వీధిలో చూసినా కేకులు చేసే ఆడపిల్లలే. వాళ్ళకి టైల్స్ పరిచిన వేరే వంటగదులు, ఫోన్లో ఆర్డర్లు... చూస్తే ముచ్చటేస్తుంది. సుశీల ఉంటే ఎంత సంబరపడేదో.

నిన్న మా అన్నయ్య ఆ పెరటి గది ఫొటో ఈ గ్రూపులోనే పెట్టి, "మధుర జ్ఞాపకాలు" అని రాసుకున్నాడు. పువ్వు బొమ్మ కూడా జోడించాడు. ఇవాళ నేను అక్కడికి వెళ్ళాను. గడప లోపల చిటికెడు పంచదార పోసి కూర్చున్నాను. చీమలు వచ్చాయి... ఆగాయి... వెనక్కి తిరిగాయి.

మీ పంచదార డబ్బాకి చీమలు పడితే తిట్టుకోకండి. మీ చిన్ననాటి ఇంట్లో చీమలు రాని గది ఏదైనా ఉంటే కింద రాయండి. అది మీకు ఎవరిచ్చారో కూడా రాయండి.

మాకిచ్చింది మా అన్నయ్య, శేషగిరి.