తట్టి లోపలికెళ్లే రాజయ్య

తొంభై తొమ్మిది జూలైలో, ఒక బుధవారం పొద్దున పదిన్నరకు, మాదాపూర్‌లోని మా కొత్త ఆఫీసు గుమ్మం ముందు జనరల్ మేనేజరు శ్రీనివాసరావుగారి నెత్తిన పావురం రెట్ట వేసింది. ఆయన రుమాలుతో తుడుచుకుని, మెయింటెనెన్సు చూసే నన్ను పిలిపించారు.

"సోమవారం విదేశీ క్లయింట్లు వస్తున్నారండీ. అప్పటికి ఇక్కడ ఒక్క పక్షి కనబడకూడదు."

పని రాజయ్యకు చెప్పాను. నానక్‌రామ్‌గూడ మనిషి, మా బిల్డింగు పనులన్నీ అతనివే. ఉన్నది ఒకటే చాదస్తం: తట్టకుండా ఎక్కడా అడుగుపెట్టడు. బార్లా తెరిచిన తలుపునూ తడతాడు, ఖాళీ లిఫ్టునూ తడతాడు. నీళ్ల ట్యాంకు మూత తట్టి, కాసేపు ఆగి, అప్పుడు ఎత్తుతాడు.

"లోపల ఎవరుంటారయ్యా?"

"ఉంటే ఎట్ల సార్?"

ఓసారి తన సద్దిడబ్బా మూత కూడా తట్టాడు. నేను చూడలేదు గానీ, చూసినట్టు నలుగురికీ చెప్పాను.

మందు కలిపిన గింజలు చల్లుదామన్నాను. రాజయ్య చెవులు మూసుకున్నాడు. "చట్టం ఒప్పదు సార్, నేను అసలే ఒప్ప. కిటికీల మీది సజ్జలు కడిగి వల కడ్త. ముందుగాల తట్టి చూడాలె."

మూడు రోజులు నిచ్చెనెక్కి ఒక్కో సజ్జనూ తట్టాడు. పావురం లేచిపోతే వల కట్టాడు. శనివారానికి గుమ్మం పైది ఒక్కటే మిగిలింది.

"గా సజ్జ ఇప్పుడు కాదు సార్. తట్టిన, లేస్తలేదు. పిల్లలు గిట్ల ఉన్నయేమో."

"లోపల గడియ పెట్టుకుందేమో, కిటికీలోంచి పిలువు!" అన్నాను. అందరూ నవ్వారు. రాజయ్య కూడా నవ్వాడు, పాపం.

ఆదివారం అతనికి సెలవు. నేనే నిచ్చెనెక్కి, లోపలికి చూడకుండానే ఆ సజ్జకు వల బిగించేసి దిగాను. తట్టలేదు.

సోమవారం వచ్చేసరికి ఒక పావురం వల బయట రెక్కలు కొట్టుకుంటోంది. లోపల, పసుపు నూగుతో రెండు పిల్లలు సన్నగా అరుస్తున్నాయి. రాజయ్య అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. నన్ను ఓసారి చూసి, మళ్లీ వల వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది. వలను మూడుసార్లు తట్టి, కత్తితో కోశాడు. తల్లి లోపలికి దూరింది.

అప్పుడే శ్రీనివాసరావుగారు కారు దిగి తలెత్తారు.

"కొత్త వలకు ఆ కన్నమేంటి? ఎవరు చేశారీ పని?"

నా తల ఇంకాస్త కిందికి దిగింది. పైనుంచి రాజయ్య గొంతు వినబడింది:

"కన్నం కాదు సార్, దర్వాజ, పెట్టుడు మరిచిపోయిన, రెక్కలొచ్చి వాళ్లు ఖాళీ చేసినంక నేనే మూస్త!"