పెద్దనాయన పసుపుదారం పరీక్ష

మా పెద్దనాయన పోయిన నెలలో చనిపోయారు. పొద్దున్నే మా పెద్దమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి, "మీ పెద్దనాయన ఎంత లేపినా లేయడం ల్యా. ఒగసారి రాండి" అంది. ఆ గొంతు విన్నాక ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. నిద్రలోనే పోయారట. చూడటానికి వచ్చినవాళ్ళంతా అదృష్టవంతుడన్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఆ భయమేమిటో చెప్పాలంటే ఆయన కథ కొంత చెప్పాలి.

ధర్మవరంలో ఆయన పట్టుదారానికి రంగులు వేసేవారు. మా నాయన ఆయనకు తమ్ముడు, మగ్గం మీద చీరలు నేస్తాడు. పెద్దనాయన చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాళ్ళు ఆ ఎర్రచేతులు చూసి జంకితే, "రంగు లేప్పా, రగతం కాదు. పెట్టు, పెట్టు" అనేవారు. పంక్తంతా నవ్వేది.

ముడిపట్టుకు ఒక జిగురు ఉంటుంది. సోడా వేసిన నీళ్ళలో ఉడికిస్తే అది కరిగిపోయి దారం మెత్తబడుతుంది. తర్వాత సోడా పోయేదాకా జాడించాలి, లేకపోతే రంగు సరిగ్గా పట్టదు. సోడా పోయిందో లేదో చూడటానికి ఆయన పసుపులో నానబెట్టి ఆరబెట్టిన నూలుపోగును జాడించిన నీళ్ళలో ముంచేవారు. ఎర్రబడితే సోడా ఉన్నట్టు, పసుపుగానే ఉంటే లేనట్టు. ఆ పోగు మీద ఆయనకున్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. "మనిషి అబద్ధం చెప్తాడు గానీ దారం చెప్పదు పాపా" అనేవారు నాతో.

మా నాయనకు నలభై దాటకముందే చక్కెర జబ్బు వచ్చింది. మనిషి మూడు నెలల్లో సగమయ్యాడు. ఈ రకం జబ్బుకు రోజూ ఇన్సులిన్ సూది తప్పదని అనంతపురం డాక్టరు చెప్పాడు. మందుసీసాను తడి ఇసుక పోసిన కుండలో పెట్టుకునేవాళ్ళం. మా వీధి కాంపౌండరు రోజూ వచ్చి, గాజు సిరంజి ఉడికించి, సూది వేసి పోయేవాడు. ఆ వేళకు పెద్దనాయన మా ఇంటి ఛాయలకు వచ్చేవారు కాదు. ఆయనకు సూది అంటే ప్రాణభయం. మా తాతకూ ఇదే జబ్బు. ఆసుపత్రిలో సూది వేసిన రోజే పోయాడు. అప్పటికే కాలు తొడ దాకా కుళ్ళిపోయిందన్న సంగతిని పెద్దనాయన లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళ నాయనను సూదే చంపిందని, రేపు తమ్ముణ్ణీ చంపుతుందని ఆయన భయం.

నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలంలో ఒక ప్రకృతి వైద్యుడు వచ్చి మా వీధిలో వారం రోజులు మకాం వేశాడు. రోగాలన్నిటికీ మూలం రక్తంలో చేరిన పులుపేనన్నాడు. అన్నం, పప్పు, మాంసం పులుపు పెంచుతాయట. ఆకుకూరలు, కాయలు, బూడిదగుమ్మడి రసం రక్తాన్ని క్షారంగా మారుస్తాయట. వేరుశెనగ తప్ప మరొకటి పండని మా నేల మీద నిలబడి వేరుశెనగ కూడా పనికిరాదన్నాడు. నిమ్మకాయ మాత్రం మంచిదట.

"నిమ్మకాయ పులుపే గదా స్వామీ?" అని మా అమ్మ అడిగింది.

"నోట్లోనే పులుపమ్మా, కడుపులోకి పోతే క్షారం" అన్నాడాయన.

క్షారమంటే సోడా లాంటిదేనని తెలిసేసరికి పెద్దనాయన ముఖం వెలిగిపోయింది. బతుకంతా చేస్తున్న పని అదే కదా! పట్టుకు జిగురు వదిలినట్టే ఒంటికి జబ్బు వదులుతుందని ఆయనకు అనిపించింది. మా వీధిలో నాలుగైదు ఇళ్ళ వాళ్ళు ఆయన మాట మీద ఆ తిండి మొదలుపెట్టారు. ఒళ్ళు తేలికైందన్నారు, మలబద్ధకం పోయిందన్నారు. అంత ఆకుకూర తింటే పోదా మరి! ఆ మంచి ఆకులది. రక్తం మారడం వల్ల వచ్చింది కాదు. ఆ తేడా అప్పుడు ఎవరికీ తోచలేదు.

నాయన పథ్యం పెద్దనాయనే చూసుకున్నారు. ఆ కరువులో ఎక్కడెక్కడి బావులకో సైకిలు తొక్కి ఆకుకూర తెచ్చేవారు. రోజూ పొద్దున నాయన మూత్రంలో పసుపుపోగు ముంచి చూసేవారు. వారం గడిచేసరికి పోగు కొంచెం ఎర్రబడింది. పెద్దనాయన దాన్ని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు.

"చూడండప్పా, నా తమ్మునికి రగతం మారుతాండాది! ఇంగ సూదితో పనేముండాది?"

కాంపౌండరును రావద్దన్నారు. నాయన అన్న మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. నేను ఆమ్లాలు, క్షారాలు చదువుకున్నదాన్ని. మూత్రాన్ని పరీక్షిస్తే రక్తం సంగతి ఎలా తెలుస్తుందని నాకు అనుమానం వచ్చింది. అయినా నోరు తెరవలేదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడానికి భయపడ్డాను. దానికి గౌరవమని పేరు పెట్టుకున్నాను.

సూది మానేసిన మూడో రోజుకు పోగు మళ్ళీ పసుపుగానే ఉండిపోయింది. నాయనకు వాంతులు పట్టుకున్నాయి. తాగిన నీళ్ళు తాగినట్టే బయటికి వచ్చేవి. నోటి నుంచి కుళ్ళిన పండు వాసన. అమ్మ భయపడి పెద్దనాయనను పిలిపించింది. ఆయన పోగు చూసి, నాయన ముఖం చూసి, మంచిదేనన్నారు.

"పట్టు ఉడికేటప్పుడు చూల్లేదామ్మా? దారం తెల్లగైతాంటే నీళ్ళు మురికైతాయి. లోపలుండే పులుపంతా బయటికి వస్తాండాది. ఇంగ రెండ్రోజులు ఓర్చుకోండి."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆయనకూ భయం వేసిందని ఇప్పుడు తెలుస్తోంది.

మరుసటి రోజు మధ్యాహ్నం నాయన ఊపిరి మారింది. పరుగెత్తి వచ్చిన మనిషిలా పెద్దగా, లోతుగా, ఆగకుండా పీల్చసాగాడు. మగ్గాలు ఆగిపోయిన ఇంట్లో ఆ ఊపిరి తప్ప ఇంకేమీ వినిపించలేదు. పిలిస్తే పలకలేదు. అప్పుడు అరిచాను. "పెద్దనాయనా, దారం పారేయండి! నాయన చచ్చిపోతాండాడు!" ఆయన నన్ను కొడతారనుకున్నాను. దారం కింద పడేసి, తమ్ముణ్ణి భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తారు. బండలు దించి ఖాళీగా తాడిపత్రికి తిరిగిపోతున్న లారీ ఒకటి ఆగింది. అనంతపురం చేరేదాకా నాయన తల పెద్దనాయన ఒళ్ళోనే ఉంది. ఆ ఊపిరి ఎక్కడ ఆగిపోతుందోనని దారి పొడుగునా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "రక్తం నిజంగా పులుపెక్కడమంటే ఇదే. సూది మానేస్తే ఇట్లా అవుతుంది. ఆకులు తిని దీన్ని ఆపలేరు" అన్నాడు.

"మరి దారం ఎర్రగైన్యాది గదా సార్?" పెద్దనాయన గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"అది ఒళ్ళు బయటికి వదిలేసిన నీళ్ళ సంగతి పెద్దాయనా. తిండిని బట్టి మూత్రం మారుతుంది. రక్తాన్ని మాత్రం ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఒక హద్దు దాటనివ్వవు. ఆకుకూరలు తినండి, మంచివే. మందు మాత్రం మానొద్దు."

మూడు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. ఆ మూడు రోజులూ పెద్దనాయన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నాలుగో రోజు నాయన కళ్ళు తెరిచి, "అన్న తిన్యాడా?" అని అడిగాడు.

ఊరికి తిరిగి వచ్చాక పెద్దనాయన తాను ఆ తిండి మొదలుపెట్టించిన ప్రతి ఇంటికీ వెళ్ళారు. గడప బయటే నిలబడి, "నాది తప్పప్పా. నా తమ్ముణ్ణి నేనే సంపబోయినా. మీరు మింగే మాత్రలు మీరు మింగండి" అని చెప్పారు. పట్టులో ఒక్క మచ్చ వస్తే ఒప్పుకోని మనిషి ఆయన. తప్పు చేసిన పెద్దవాళ్ళను చాలామందిని చూశాను. దాన్ని ఇల్లిల్లూ తిరిగి చెప్పినవాళ్ళను మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత కాంపౌండరు దగ్గర కూర్చుని సూది వేయడం నేర్చుకున్నారు. పదేళ్ళు, రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి తమ్ముడికి తానే సూది వేశారు. ఒక్క రోజు తప్పలేదు. సూది వేస్తూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఆయనకు భయం పోయిందనే మేమంతా అనుకున్నాం.

ఆయన పోయిన పొద్దున అందరూ ఏడుస్తుంటే నాకు సూది గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ వేయలేదు. సిరంజి ఉడికించి, మందు ఎక్కించి, నాయన ముందు కూర్చున్నాను. నా చెయ్యి వణికిపోతోంది. సూది మొన ఎక్కడా నిలవడం లేదు.

నాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, నా మణికట్టు పట్టుకున్నాడు.

"వణకనీలే పాపా. మీ పెద్దనాయన చెయ్యి పదేండ్లూ వణికింది. నాకొక్కనికే తెలుసు."