ఉప్పుగాలికి కట్టిన రేకులు

మా నాన్న దృష్టిలో ఇనుమొక్కటే ఇంటి మనిషి, మిగతా లోహాలన్నీ చుట్టపుచూపుగా వచ్చి పోయేవి. గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికని విశాఖ వచ్చి, రిటైరయ్యేదాకా ఆ కొలిమి దగ్గరే పనిచేశాడాయన. నేను పీహెచ్‌డీ‌లో విమానాలకు వాడే లోహాల మీద పనిచేస్తానని చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, "అందులో మన ఉక్కు ఎంత ఉంటుందమ్మా?" అని. కొంచెమేనని, చక్రాల కాళ్లకీ బోల్టులకీ వాడతారని, ఒళ్లంతా అల్యూమినియం మిశ్రమాలేనని చెప్పాను.

"అంటే సత్తు గిన్నెలన్నమాట" అన్నాడు.

అమ్మ పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

నిజానికి ఆయన నాతో వేళాకోళమాడటమే అప్పటికి కొత్త. నా చిన్నతనమంతా ఆయన షిఫ్టుల్లోనే గడిపాడు. పొద్దుటి డ్యూటీ అయితే నేను లేచేసరికి వెళ్లిపోయేవాడు. రాత్రి డ్యూటీ అయితే నేను బడి నుంచి వచ్చేసరికి మూసిన తలుపు వెనక నిద్రపోతుండేవాడు. "నాన్న పడుకున్నారు, అరవకు" అనే మాట మధ్యనే నేను పెరిగాను. ఆదివారమంటే మాకు క్యాలెండర్లో ఎర్రంకె, అంతే. ఆదివారమని కొలిమి చల్లార్చరు కదా. మీ నాన్న ఎలాంటివాడని ఎవరైనా అడిగితే, ఆయనకు కాకరకాయ ఇష్టమని తప్ప నా దగ్గర పెద్దగా జవాబుండేది కాదు. ఆయన నాకు దొరికింది రిటైరయ్యాకే. దొరికినది ఎక్కువ కాలం కాదు. అందుకే ఈ రాయడం.

నేను చేసిన పని చెప్పడం తేలిక. సముద్రపు గాలి విమానం ఒంటి రేకును ఎలా తింటుందో చూడాలి. ల్యాబులో ఉప్పునీటి పొగ పెట్టే పెట్టె ఒకటుంది, కొన్ని వారాల్లోనే ఏదో ఒకటి తేలిపోతుంది. కానీ పెట్టె పెట్టే, అసలు ఎండా వానా వేరు. మా గైడు రెండూ చేయమన్నారు. అరచేతంత రేకులు కోసి, నునుపు చేసి, తూకం వేసి, చెక్క ఫ్రేముకి బిగించి, ఏడాదిపాటు సముద్రానికి ఎదురుగా నిలబెట్టాలి. వాటిని తుడవకూడదు, కడగకూడదు, ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. చేతి చెమటలోనూ ఉప్పే కదా, వేలు పడిన చోట వేలిముద్ర ఆకారంలోనే మచ్చ తేలుతుంది.

కొండ అవతల యారాడలో, సముద్రం ఒడ్డుకి దగ్గరగా, చేపలు పట్టేవాళ్ల మేడ మీద చోటు దొరికింది. ఆ ఇంటావిడని పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఫ్రేము చూసి ఆవిడ బుగ్గన వేలేసుకుంది.

"ఏటిది పాపా, మేం సేపలు ఎండబెడతాం, నువ్వు రేకులు ఎండబెడతన్నావు?"

వారం వారం వెళ్లి ఫొటోలు తీసి, ఏ రేకు ఎలా ఉందో చూసి రావాలి. ఆ ఘాట్ రోడ్డు మీద నువ్వొక్కదానివీ వద్దని నాన్న తన పాత స్కూటర్ బయటికి తీశాడు. అలా మొదలయ్యాయి మా ఆదివారాలు. గాజువాకలో ఇడ్లీ తిని, సింధియా దాటి, కొండెక్కేవాళ్లం. ఎదురెదురుగా కూర్చుంటే మా ఇద్దరికీ మాట పెగలదు గానీ, వెనక కూర్చుని వీపుతో మాట్లాడటం సులువు. కరిగిన ఇనుము పారడం మొదటిసారి చూసినప్పుడు బెదిరిపోయి, సాయంత్రం రైలుకి ఊరెళ్లిపోదామని సంచి కూడా సర్దుకున్నాడట. ఈత బాగా వచ్చట, కానీ కాలువలో నేర్చుకున్న ఈత సముద్రం దగ్గర చూపిస్తే ఎవరైనా నవ్వుతారని ఇన్నేళ్లలో ఒక్కసారీ దిగలేదట. ఇవన్నీ నాకు ఆ వీపు చెప్పినవే.

మేడ మీదికి వెళ్లాక తను కూడా గ్లవుజులు తొడుక్కుని, భూతద్దం పట్టుకుని నా పక్కన చతికిలబడేవాడు. మొదట్లో "ఏముందమ్మా ఇందులో, సత్తుకి బూజు పట్టింది" అనేవాడు. రెండు మూడు నెలలు గడిచేసరికి నాకంటే ముందు తనే కొత్త మచ్చ పట్టుకుని, "ఇదిగో, పోయిన వారం ఇది లేదు" అని చంటిపిల్లాడి పన్ను చూపించినంత సంబరంగా చూపించేవాడు. నా రేకులు కాస్తా మన రేకులయ్యాయి. కింద పెద్దమ్మ చేపల పులుసు ఉడుకుతుండేది. తినకుండా వస్తే ఆవిడ ఊరుకునేది కాదు.

ఏడాది నిండడానికి కొద్ది వారాలున్నాయనగా వాళ్ల గంగమ్మ పండగ వచ్చింది. ఆ ఆదివారం మేం మేడెక్కేసరికి రేకులన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్క మచ్చ లేదు. పెద్దమ్మ మా వెనకే ఎక్కి వచ్చింది, ముఖం వెలిగిపోతోంది.

"సూసినావా, ఎలా తళతళలాడిపోతన్నాయో! పండగని బిందెలన్నీ తోమినాను. ఆ సేత్తోనే ఇయ్యి కూడా సింతపండు, బూడిదా ఎట్టి తోమేసినాను. పాపం, సదువుకున్న పిల్ల, వారం వారం వచ్చి సూసుకుంటాది గానీ ఒక్కపాలి కూడా తోముకోదేటీ అనుకున్నాను."

చింతపండు అల్యూమినియాన్ని తింటుంది, బూడిద ఇంకాస్త తింటుంది. ఏది సముద్రం తిన్నది, ఏది చింతపండు తిన్నది అని చెప్పగల యంత్రం ఏ ల్యాబులోనూ లేదు. ఏడాది పని మట్టిపాలైంది. ఆవిణ్ని ఏమనగలను? మా కోసం చేతులు పుళ్లయ్యేలా తోమింది. మా నాన్న మాత్రం ఒక రేకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా తోమావు చెల్లెమ్మా, మా ఇంట్లో ఇత్తడి కూడా ఇలా మెరవదు" అన్నాడు. పైగా ఆ రోజు పులుసు మరోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో అడిగాడు. "అయితే మళ్లీ మొదట్నించా?"

"మొదట్నించే."

"ఏడాదా?"

"ఏడాది."

ఆయన భుజాలు చిన్నగా కదిలాయి. "నా చదువు గంగలో కలిసిపోయిందని నేనేడుస్తుంటే నీకు నవ్వొస్తోందా నాన్నా?" అన్నాను.

"నవ్వలేదమ్మా, గేరు మార్చాను" అన్నాడు.

గైడు చీవాట్లు పెట్టి, తర్వాత కొత్త రేకులు ఇప్పించారు. పెద్దమ్మకి సంగతి చెప్పాక ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ తర్వాత ఆ మేడ మీదికి కాకిని కూడా రానిచ్చేది కాదు. రెండో ఏడు మొదటిదానికంటే బాగా గడిచింది. మాకు తొందరంటూ లేకపోయింది. పని అయ్యాక ఒడ్డున నడిచేవాళ్లం. ఒకరోజు ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలోకి దిగాడు. ఈత కొట్టలేదు గానీ, అల వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి నేను చూస్తున్నానో లేదో చూసుకున్నాడు.

ఏడాది నిండింది. రేకులన్నీ విప్పి సంచిలో పెట్టుకుని బయల్దేరాం. ఘాట్ మీద, కింద ఓడరేవు కనిపించే చోట, ఆయన స్కూటర్ ఆపాడు. ఆయన జీవితంలో నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు.

"ఇంకేదైనా కట్టొచ్చేమో. మెగ్నీషియం చూడలేదు కదా మనం. దానికో ఉక్కు బోల్టు బిగించి చూద్దాం, రెండూ కలిసుంటే ఏమవుతుందో."

"ఏమవుతుందో పుస్తకాల్లోనే ఉంది నాన్నా. ఉప్పునీరు తగిలితే బోల్టు బాగానే ఉంటుంది, దాని చుట్టూ మెగ్నీషియమే కరిగిపోతుంది. పల్చటి రేకు, వానాకాలం దాటదు."

"ఎన్నాళ్లుంటే అన్నాళ్లే వెళ్దాం" అన్నాడు.

నా చదువుకి దాంతో అవసరం లేదు. అయినా అడిగితే గైడు మిగిలిపోయిన రేకు ముక్క ఒకటి ఇచ్చారు. నాన్న తన పెట్టెలో వెతికి బోల్టు తెచ్చాడు. పెద్దమ్మ మేడ మీద తనే కట్టాడు. నాలుగైదు ఆదివారాలు వెళ్లాం. వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున్న టీ తాగుతూ ఛాతీ పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు.

ఇప్పుడు నాకు ఉద్యోగముంది, నా చేతికింద ల్యాబుంది. ఆదివారం తెల్లారితే చాలు, ఎటో వెళ్లాలనిపిస్తుంది, ఎటని తెలియదు. నాన్న గుర్తొస్తున్నాడా అని అడుగుతారు గానీ, నాకు గుర్తు రావడం చాలదు. నాకు ఆయన వెనక కూర్చుని వెళ్లాలని ఉంటుంది.

ఆ ఏడు వానలు వెళ్లాక ఒక్కదాన్నే బస్సులో యారాడ వెళ్లాను. "అన్నయ్య రాలేదేటి?" అంది పెద్దమ్మ. చెప్పాను. ఆవిడ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. నేను పైకి వెళ్లాను. రేకు తెల్లగా పొడిబారి, బోల్టు చుట్టూ చిల్లులు పడి, ఒక మూల విరిగి, ఇంకా వేలాడుతూనే ఉంది. ఏది ఎన్నాళ్లుంటుందో చెప్పడమే నా చదువు. ఆ రోజు ఘాట్ మీద రేకు గురించి అంత గట్టిగా చెప్పాను. నా ముందు కూర్చున్న మనిషి గురించి నాకేమీ తెలియలేదు.

కాసేపటికి పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ పైకి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆ రేకు ఇప్పీమంటావా పాపా?"

"ఉండనీ పెద్దమ్మా. వచ్చే ఆదివారం వస్తాను" అన్నాను.