వేలానికొచ్చిన నా ముసలితనం

ఆ రోజుల్లో నాకింకా పాతికేళ్లు నిండలేదు గానీ, ముసలితనం గురించి నాకున్నంత దిగులు నారాయణఖేడ్‌లో ఏ ముసలివాడికీ ఉండేది కాదు. బస్ డిపో దగ్గర చిన్న టైలర్ కొట్టు నాది. ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చిన రిటైరైన సారు ఒకాయన, కొలత ఇస్తూనే, "నాకైతే పింఛనొస్తది. నీకెవడిస్తడు? సూదిల దారం ఎక్కని దినమొస్తె ఏం జేస్తవ్?" అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ మాట పట్టుకుని వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి మనూర్ దగ్గర మా ఊళ్లో ఉండే అమ్మకు ఒక ఆడ మేకపిల్లను కొనిచ్చాను. అది ఈనుతుంది, దాని పిల్లలు ఈనుతాయి, నాకు అరవై వచ్చేసరికి పెద్ద మంద! (మేకలు మధ్యలో చస్తాయన్న సంగతి నా లెక్కలో ఎక్కడా లేదు.)

ఏడాది తిరగకముందే నాకు పచ్చకామెర్లు వచ్చాయి. అప్పటికి పెళ్లై మూడు నెలలు. నేను లేచి తిరిగితే మేకను కోత పండుగకు చర్చికిస్తానని అమ్మ మొక్కుకుంది. ఆ ముచ్చట నేను కోలుకున్నాక గానీ చెప్పలేదు. "అమ్మా, అది నా ముసలితనమే!" అని మొత్తుకున్నాను. "నువ్వు బతికితెనే గదరా ముసలోనివయ్యేది!" అంది.

మా వైపు కోత పండుగకు జొన్నలో, కందులో, కోడిపుంజో ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి దేవుడికిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని చర్చి ముందరే వేలం వేస్తారు. ఇచ్చిన మేకను మళ్లీ నేనే పాడుకుంటే నలుగురూ నవ్వుతారని, పండుగ భోజనానికని నాతో వచ్చిన పక్క కొట్టు దోస్తును ముందు నిలబెట్టి, వెనక నుంచి వాడి వీపు గిల్లసాగాను. గిల్లినప్పుడల్లా వాడు ఇరవై రూపాయలు పెంచాలి. వాడు పెంచిన ప్రతిసారీ ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ ఇంకో ఇరవై పెంచుతోంది. "గా ముసల్దానికి మేకెందుకురా?" అని దోస్తు గొణిగాడు. "నీకెందుకు, పాడు!" అన్నాను. మా అమ్మేమో, "నా కొడుకు మేకకు ఎంత గిరాకున్నదో సూడుండ్రి" అని మురిసిపోతోంది. జేబులో ఉన్నదంతా అయ్యేదాకా గిల్లి, ఇక చేతులెత్తేశాను. వేలం వేస్తున్న సంఘ పెద్ద ‘మూడోసారి’ కూడా అనేశాడు.

తీరా చూస్తే, మేక తాడు అందుకోవడానికి ముసలమ్మ వెనక నుంచి లేచి వచ్చింది నా భార్య! కొత్త కోడలాయె, అందరిలో గొంతెత్తలేక ముసలమ్మ చెవిలో చెప్పి పాడించిందట. పుట్టింటివాళ్లు దాచుకొమ్మని ఇచ్చిందంతా అక్కడే పెట్టేసింది. "గీ మేక కోసం నువ్వు పరేషానైతుంటివి గదా, ఇడిపిద్దామనుకున్న" అంది. "నీ మీద పాడింది నేనేనే!" అన్నాను. తాడు వదిలేసి, కింద కూలబడి నవ్వింది. మేక జొన్నచేలో పడింది. సంఘ పెద్దతో సహా అందరం దాని వెనక పడ్డాం.

ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్ర టైలర్ మీద నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. అరవయ్యో ఏట మంద ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఎన్నిసార్లో ఊహించుకున్నాడు గానీ, ఆ ఊహలో ఎప్పుడూ కుర్చీ ఒక్కటే. ఆ మధ్య నెలనెలా కట్టే పింఛను పథకంలో చేరడానికి బ్యాంకుకు వెళ్లాను. గుమస్తా ఫారం అందిస్తే, ఇంకొకటి కూడా ఇవ్వమన్నాను.