మహాలక్ష్మమ్మ మూడు మునకలు

పాలకొల్లు దగ్గర కాలవ లాకుల పక్కన కాపురమున్న మహాలక్ష్మమ్మకి సముద్రం పట్టుమని ముప్ఫై కిలోమీటర్లు లేదు. ఆ కాస్త దూరం వెళ్లడానికి ఆవిడకి నలభై రెండేళ్లు పట్టింది. దోవ తెలియక కాదు, చార్జీలకి లేకా కాదు. మొగుడు చిట్టియ్య లస్కరు కావడం వల్ల.

లస్కరంటే కాలవ గేట్లు ఎత్తి దించే ఉద్యోగి. జీతం చూస్తే చిన్నది, అధికారం చూస్తే పెద్దది. రెండో పంట దాళ్వా రోజుల్లో నీళ్లకి కటకట వచ్చిందంటే నూరెకరాల ఆసామి కూడా మోటారు సైకిలు దిగి, మా చేలకి వంతు ఎప్పుడండీ చిట్టియ్యగారూ అని అడగవలసిందే. ఆయన గేటు పక్కన రాతి మీదున్న నీటిమట్టం అంకెలు చూసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, రేపు ఎనిమిదింటికి మీ బోదె కాలవలోకి నీళ్లొస్తాయండి అనేవాడు. ఎనిమిదింటికే వచ్చేవి. అలా చెప్పి చెప్పి, నీళ్లన్నీ తన మాట వింటాయనే నమ్మకం ఆయనకి బాగా ముదిరిపోయింది.

వాళ్లిళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త దంపతులు కొంగూ కండువా ముడేసుకుని, అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలిసేచోట మూడు మునకలు వేస్తే కాపురం చల్లగా ఉంటుందని. పదహార్రోజుల పండగ కాగానే వీళ్లనీ బయల్దేరదీశారు. తీరా నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు ఎక్కబోతుంటే, కాలవకి గండి పడిందని ఇరిగేషన్ మనిషి సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు. చిట్టియ్య పట్టుపంచె ఎగ్గట్టి ఆ సైకిలు వెనకాల ఎక్కి వెళ్లిపోయాడు. పంటు అవతలి ఒడ్డుకి వెళ్లిపోయింది. పద్దెనిమిదేళ్ల పెళ్లికూతురు అత్తగారి పక్కన నిలబడి అటు పంటునీ ఇటు మొగుడినీ చూస్తూ ఉండిపోయింది.

తర్వాత ఎప్పుడడిగినా ఏదో ఒకటి అడ్డం. సార్వాకి నాట్లు, దాళ్వాకి వంతులు, కాలవలు కట్టేశాక మరమ్మతులు. అదీ కాకపోతే, చేలకి పారాల్సిన నీళ్లు సముద్రంలో పడి ఉప్పగా అయిపోయేచోట చూడ్డానికేముందే అనేవాడు. రిటైరైన రెండేళ్లకి కూడా పొద్దున్నే కాఫీ తాగి లాకుల దగ్గరకే వెళ్లేవాడు. కొత్తగా వచ్చిన లస్కరు ఈయన్ని చూస్తూనే మొహం అటు తిప్పుకునేవాడు.

మహాలక్ష్మమ్మ పోట్లాడే మనిషి కాదు. ముగ్గురు పిల్లల్ని పెంచింది, పెళ్లిళ్లు చేసింది, ఆ లాకుల మీద ఆగిన ప్రతి పడవవాడికీ మజ్జిగ పోసింది. కానీ ఈ ఏడు మోకాళ్లు మొండికేశాయి. వేసవిలో ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. ఆపరేషన్ అయ్యాక ఇసకలో నడిపించేదెవరు, అలల్లో నిలబెట్టేదెవరు? మాఘమాసం మొదటి శనివారం సాయంత్రం ఆవిడ బట్టల సంచీ సర్ది గుమ్మంలో పెట్టింది.

"రేపు ఆదివారం అంతర్వేది వెళ్తున్నానండి. మీరొచ్చినా రాకపోయినా వెళ్తాను. కాకపోతే ముడి మాత్రం నేనొక్కదాన్నీ వేసుకోలేను కదండీ" అంది.

చిట్టియ్య సంచీ వంకా ఆవిడ మోకాళ్ల వంకా చూసి, ఎన్నింటికి బస్సు అని అడిగాడు.

పంటు మీద మహాలక్ష్మమ్మ కూర్చోలేదు. మోకాళ్లు లాగుతున్నా రెయిలింగు పట్టుకుని నిలబడే గోదారి దాటింది. ఆటోలో అంతర్వేది వెళ్లి, లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు మీదకి చేరేసరికి పది దాటింది. అక్కడ ఇటు గోదారి ఆకుపచ్చగా, అటు సముద్రం నీలంగా, మధ్యన తెల్లటి నురుగు గీత. ఆ గీత ఒకచోట నిలవదు, జరుగుతూ ఉంటుంది. ఏడుపొస్తుందేమో అనుకుంది మహాలక్ష్మమ్మ. తీరా చూస్తే నవ్వొచ్చింది. పైకే నవ్వేసింది. ఇంత సంబరం తన లోపల ఇన్నేళ్లూ ఎక్కడ దాక్కుందో ఆవిడకే తెలియలేదు.

అసలు పేచీ అప్పుడు మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్లంతా కుర్ర జంటలు, చేతుల్లో ఫోన్లు. ఈ వయసులో కొంగుముడేంటే, వీడియో తీసి ఊరంతా తిప్పుతారు అన్నాడు చిట్టియ్య. నువ్వు మునుగు, నేను సంచీ పట్టుకుంటానన్నాడు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. మహాలక్ష్మమ్మ వాదించలేదు. జనం లేని చోటికే వెళ్దాం పదండంటూ పాదాలు తడిసేంత నీళ్లు దాటి, అవతల ఉన్న ఇసక తిన్నె మీదకి నడిచింది. సంచీ మోసుకుంటూ ఆయన వెనకే వెళ్లాడు.

ఒడ్డున రొయ్యలు ఎండబెట్టుకుంటున్న సంపూర్ణమ్మ అనే ఆవిడ వీళ్లని చూసి, పోటెక్కే వేళండీ బాబాయిగారూ, తొందరగా వచ్చేయండని కేకేసింది. చిట్టియ్య, తల్లి పుట్టిల్లు మేనమామకి తెలియదా అన్నట్టు నవ్వాడు. పోట్లు సముద్రం గొడవ, ఇది గోదారి, దీని సంగతి ఈవిడా నాకు చెప్పేది? తిన్నె అంచున ఒక పుల్ల గుచ్చి, నీటిమట్టం దగ్గర గోటితో గీత పెట్టాడు. పావుగంటలో బెత్తెడు దిగుతుంది, అప్పుడు నీకు మునగడం సుళువవుతుందని భార్యకి హామీ ఇచ్చాడు.

పావుగంటకి గీత కనబడలేదు. మరో పావుగంటకి పుల్ల కనబడలేదు. చిట్టియ్య నోరు తెరిచి చూస్తున్నాడు. గోదారి కిందికి పోవడం మానేసి పైకి పోతోంది. నలభై ఏళ్ల సర్వీసులో నీళ్లు వెనక్కి నడవడం ఆయన ఎన్నడూ చూడలేదు. తిరిగి చూస్తే, ఇందాక పాదాలు తడిసిన చోట ఇప్పుడు నడుం లోతు పారుతోంది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. అవతలి ఒడ్డున సంపూర్ణమ్మ చీర ఎగ్గట్టుకుని నీళ్లలోకి దిగి, ఎడమచేతి వేపు గట్టి నేలుంది, భయంలేదు, అటునుంచి రండని చెయ్యూపుతోంది. నీళ్లకి భయపడని మనిషి చిట్టియ్య. ఇప్పుడు మాత్రం భార్య మోకాళ్లు చూసి భయపడ్డాడు. సంచీ నెత్తిన పెట్టుకున్నాడు. మరుక్షణం ఆవిడ కొంగు అందుకుని తన కండువా కొసకి బిగించి ముడేశాడు, రెండు చుట్లు తిప్పి మరీ.

"నా చెయ్యి వదిలినా ఇది వదలదు. పద" అన్నాడు.

మహాలక్ష్మమ్మ ఆ ముడి వంక చూసింది. అందులో మంత్రం లేదు, ముహూర్తం లేదు. ఉన్నదల్లా ఆయన కంగారు. అదే చాలనిపించింది.

నీళ్లు చల్లగా ఉన్నాయి. అడుగులో అడుగేసుకుంటూ సగం దాకా వచ్చారు. కాళ్ల కింద నేల గట్టిగా తగిలింది, సంపూర్ణమ్మ చేతికందేంత దగ్గర్లోకి వచ్చేసింది. ఆయన హమ్మయ్య అనుకునేలోపు మహాలక్ష్మమ్మ ఆగింది.

"ఏవండీ, మునుగుతున్నాను" అని ముక్కు పట్టుకుని కూర్చుండిపోయింది.

కొంగుతో పాటు కండువా, కండువాతో పాటు చిట్టియ్య. నెత్తిమీద సంచీ సంపూర్ణమ్మ చేతుల్లోకి ఎగిరింది. లేచి ఉప్పునీళ్లు ఊస్తూ ఆయనేదో అనబోయేలోపు రెండో మునక. మూడోదానికి ఆయనే ముందు మునిగాడు. గట్టు మీది కుర్ర జంటలు చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీసే ఉంటారు. చిట్టియ్య అటు చూడనైనా లేదు, తడిసి ముద్దయి ఇంతలేసి కళ్లతో నవ్వుతున్న భార్యనే చూస్తున్నాడు.

ఒడ్డున సంపూర్ణమ్మ ఇద్దర్నీ ఎండలో కూర్చోబెట్టి టీ తెప్పించింది. నా లెక్క తప్పిందమ్మా అని చిట్టియ్య ఆవిడతో ఒప్పుకున్నాడు. ఆ మాట ఆయన నోట వినడం మహాలక్ష్మమ్మకి అదే మొదలు. సంపూర్ణమ్మ మాత్రం అదేమంత విశేషం కాదన్నట్టు, మాకూ చిన్నప్పుడు తప్పేదండీ అంది.

తడిసిన ముడి బిగుసుకుపోయింది. చిట్టియ్య విప్పడానికి కూర్చున్నాడు. ఒక కొస లాగాడు, ఇంకో కొస లాగాడు, రాదే అన్నాడు. కత్తి తెమ్మంటారా అని సంపూర్ణమ్మ అడిగితే, వద్దు వద్దు, చీర పాడైపోతుందన్నాడు.

మహాలక్ష్మమ్మ ఆ వేళ్ల వంకే చూస్తోంది. లాకుల్లో తడిసి బిగిసిన పడవ మోకుల్ని చీకట్లో, వానలో, చూడకుండా ఒంటిచేత్తో విప్పిన వేళ్లవి. ఇప్పుడవి ముడి చుట్టూ ఊరికే తిరుగుతున్నాయి. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, ఆయన భుజం పట్టుకుని లేచింది.

పంటు మీద ఈసారి ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నరసాపురం రేవులో దిగుతుంటే పాలకొల్లు ఆసామి ఒకాయన ఎదురై, ముడి చూసి, ఏంటండీ చిట్టియ్యగారూ ఇది అని అడిగాడు.

"పెళ్లయ్యిందండి" అని చెప్పి చిట్టియ్య బస్సు వేపు నడిచాడు, భార్య మోకాళ్లకి సరిపడేంత నెమ్మదిగా.